రెండు గంటల లోపల

నెత్తురు సరిగా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఉన్న పిల్లాడికి మోకాటిలో నెత్తురు కారడం మొదలైతే రెండు గంటల లోపల మందు పడాలంటారు వైద్యులు. బయటికి ఒక్క చుక్క కనబడదు. ముందు కీలు లోపల ఏదో జివ్వుమన్నట్టు ఉంటుంది. అలవాటు పడిన పిల్లలు వాపు తేలకముందే "అమ్మా, మొదలైంది" అని చెప్పేస్తారు. గంటలు గడిచేకొద్దీ మోకాలు వేడెక్కి, ఉబ్బి, బిగుసుకుపోతుంది. కాలు చాపలేడు, ముడవలేడు. కారిన నెత్తురులోని ఇనుము కీలు లోపలి పొరను పాడుచేస్తుంది. ఒకసారైతే తేరుకుంటుంది. అదే కీలులో పదే పదే జరిగితే, మీసాలు వచ్చే వయసుకు ఆ కాలు వంగిన చోటే ఉండిపోతుంది.

మైలవరం నుంచి విజయవాడ సుమారు నలభై కిలోమీటర్లు. జి.కొండూరు, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి మీదుగా బస్సు పోతుంది. మామిడి తోటల మధ్య పల్లె నుంచి ముందు మైలవరం బస్టాండుకు ఆటోలో రావాలి. విజయవాడలో దిగాక పెద్దాసుపత్రికి మళ్ళీ ఆటో మాట్లాడుకోవాలి, చీటీ రాయించుకోవాలి, వరసలో నిలబడాలి. ఆ రెండు గంటలూ దారిలోనే అయిపోతాయి. రాత్రి పదింటికి మొదలైతే తెల్లారేదాకా ఆగడమే. అందుకే ఈ జబ్బుకు మందు పుట్టిన కథను నేను దూరం లెక్కన చదువుతాను. ఎవరు ఏం కనిపెట్టారన్నది ఒక ఎత్తు. కనిపెట్టినది పిల్లాడి మంచానికి ఎంత దగ్గరగా వచ్చిందన్నది ఇంకో ఎత్తు.

మందుకంటే ఎన్నో వందల ఏళ్ళ ముందే ఒక గమనింపు ఉంది. యూదుల తాల్ముద్ గ్రంథంలో సెఫోరిస్ అనే పట్టణానికి చెందిన నలుగురు అక్కచెల్లెళ్ళ సంగతి వస్తుంది. మొదటామె కొడుక్కి సున్తీ చేస్తే చనిపోయాడు. రెండో ఆమె కొడుకూ అంతే, మూడో ఆమె కొడుకూ అంతే. నాలుగో ఆమె బిడ్డకు చెయ్యొద్దని మతగురువు తీర్పు చెప్పాడు. ఆ పిల్లల తండ్రులు వేరు, ఇళ్ళు వేరు. వాళ్ళను కలిపేది అమ్మమ్మ ఒక్కతే. కారణం తెలియకపోయినా దారి ఎటునుంచి వస్తోందో ఆ పెద్దలు పట్టుకున్నారు. వెయ్యేళ్ళ కిందట కొర్దోవాలో అల్ జహ్రావీ అనే శస్త్రవైద్యుడు, దెబ్బ తగిలితే నెత్తురు ఆగక చనిపోయే మగవాళ్ళున్న ఒక ఊరి గురించి రాశాడు. 1803లో ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ కాన్రాడ్ ఒట్టో ఒకే కుటుంబాన్ని తరాల వెంట వెతుక్కుంటూ పోయి, జబ్బు పడేది మగవాళ్ళు, దాన్ని ముందు తరానికి అందించేది జబ్బు కనబడని ఆడవాళ్ళు అని స్పష్టంగా అచ్చువేయించాడు.

మన ఇళ్ళలో ఈ జబ్బు బయటపడగానే రెండు మాటలు వినిపిస్తాయి. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని ఒకటి. కోడలు తెచ్చిన జబ్బని ఇంకొకటి. మొదటిది హీమోఫీలియా విషయంలో చాలావరకు పొరపాటు. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి దగ్గర ఉన్న రెండు ఎక్స్‌లలో ఒకదాని మీద ఉంటే, పుట్టే ప్రతి కొడుక్కీ వచ్చే అవకాశం సగం. తండ్రి మేనమామైనా పరాయివాడైనా ఆ లెక్క మారదు. మేనరికం బరువు పడేది నెత్తురు ఆగని వేరే జబ్బుల మీద. గ్లాంజ్‌మన్ జబ్బు, 13వ ఫ్యాక్టర్ లోపం, వాన్ విల్లిబ్రాండ్ జబ్బులో తీవ్రమైన మూడో రకం అలాంటివి. వాటిలో తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపాలూ కలిస్తేనే జబ్బు బయటపడుతుంది. ఇక కోడలి మీద వేసే నింద అన్యాయం. సుమారు మూడో వంతు కుటుంబాల్లో ముందు తరాల్లో ఎక్కడా జబ్బు ఆనవాలుండదు, జన్యువులో మార్పు కొత్తగా పుడుతుంది. బ్రిటన్ రాణి విక్టోరియా వంశంలోనూ ఆమెకు ముందు ఈ జబ్బు జాడ లేదు. ఆమె కొడుకు లియోపోల్డ్ 1884లో జారిపడి చనిపోయాడు. కూతుళ్ళ ద్వారా అది స్పెయిన్, రష్యా రాజవంశాలకు పాకింది. రష్యా యువరాజు అలెక్సీ ఎముకలను పరీక్షించి, అది 9వ ఫ్యాక్టర్ లోపమని తేల్చింది 2009లో.

లోపం అంటే ఏమిటో ఇక్కడే చెప్పుకోవాలి. నెత్తురు గడ్డకట్టడానికి అందులో ఉండే ప్రొటీన్లు వరసగా పనిచెయ్యాలి. వాటిని ఫ్యాక్టర్లంటారు, అంకెలతో పిలుస్తారు. 8వది తక్కువైతే హీమోఫీలియా ఏ. సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. 9వది తక్కువైతే హీమోఫీలియా బీ. ఇది సుమారు 30,000 మందిలో ఒకరికి. ఫ్యాక్టర్ ఒక శాతం కూడా లేకపోతే తీవ్రమైనదని లెక్క. అలాంటివాళ్ళకు దెబ్బ తగలకుండానే కీళ్ళలో కారుతుంది. వేలు కోసుకుంటే ప్రాణం పోతుందన్న భయం లోకంలో ఉంది కానీ చిన్న కోతలను ప్లేట్‌లెట్లే మూసేస్తాయి. అసలు ముప్పు లోపల ఉంది. కీళ్ళు, తొడ కండరాలు, అన్నిటికంటే భయంకరంగా తల.

1840లో లండన్‌లో శామ్యూల్ లేన్ అనే వైద్యుడు 11 ఏళ్ళ కుర్రాడికి మెల్లకన్ను సరిచేస్తే నెత్తురు రోజుల తరబడి ఆగలేదు. జేమ్స్ బ్లండెల్ సలహా తీసుకుని, ఆరోగ్యంగా ఉన్న ఒక యువతి నెత్తురు ఆ కుర్రాడికి ఎక్కించాడు. కుర్రాడు బతికాడు. అతనికి లేనిది ఆమె నెత్తురులో ఉందన్నమాట. సమాధానం చేతికందిందనే చెప్పాలి. కానీ రక్తం గ్రూపులున్నాయని లాండ్‌స్టైనర్ చెప్పేదాకా, అంటే మరో అరవై ఏళ్ళు, ఒకరి నెత్తురు ఒకరికి ఎక్కించడం ప్రాణంతో చెలగాటమే అయింది. ఆ మధ్యకాలంలో హీమోఫీలియా పిల్లలకు చెయ్యని వైద్యం లేదు, పనిచేసిన వైద్యమూ లేదు.

ఒక్కటి మాత్రం కొంత పనిచేసింది. అది మన చేలల్లోంచి వెళ్ళింది.

రక్తపింజరిని కృష్ణా జిల్లా రైతుకు పరిచయం చెయ్యక్కర్లేదు. అది కరిచినవాడి నెత్తురు గడ్డకట్టడం మానేస్తుంది, చిగుళ్ళలోంచి కారుతుంది. పద్ధెనిమిదో శతాబ్దం చివర పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో ఉంటూ, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి పరిశోధకుడిగా ఈ తీరం పాములను పోగుచేశాడు. 1796లో అచ్చైన తన పుస్తకంలో బొమ్మలు వేయించి, పాములకు ఇక్కడి జనం పిలిచే పేర్లే రాసుకున్నాడు. రక్తపింజరి కింద ఆయన రాసింది "కాటుక రేకుల పొడ" అని. ఆ పాముకు ప్రపంచమంతా ఇప్పుడు ఆయన పేరే పెట్టుకుంది.

1934లో లండన్‌లో ఆర్.జి. మాక్‌ఫర్లేన్ అనే కుర్ర వైద్యుడు, అక్కడి జంతుప్రదర్శనశాలలో పాముల విభాగం చూసే బర్గెస్ బార్నెట్‌తో కలిసి ఒక్కో పాము విషాన్నీ హీమోఫీలియా రోగుల నెత్తురులో చుక్క వేసి చూశాడు. రక్తపింజరి విషాన్ని ఎంతో పలచన చేసి కలిపితే, గడ్డకట్టని ఆ నెత్తురు క్షణాల్లో గడ్డకట్టింది! పన్ను పీకిన చోట దూదితో అద్దితే నెత్తురు ఆగింది. ఒంట్లోకి ఎక్కించడానికి వీల్లేదు, పైపూత వరకే. అయినా పంటి గాయంతో రోజుల తరబడి నెత్తురు మింగుతూ పడుకున్న పిల్లలకు అదెంత పెద్ద ఉపశమనమో ఊహించుకోవచ్చు.

చంపే విషమే ఎందుకు ఆపింది? దీనికి సమాధానం ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ మాక్‌ఫర్లేనే ఇచ్చాడు. 1964లో ఆయన, అదే ఏడు అమెరికాలో డేవీ, రాట్నాఫ్ జంట విడివిడిగా ఒకే చిత్రాన్ని గీశారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకు, అక్కణ్ణుంచి బోదెకు, చివరికి చేలోకి పారినట్టు, ఒక ఫ్యాక్టర్ తర్వాతి ఫ్యాక్టర్‌ను మేల్కొలుపుతూ పోతుంది. 8, 9 దగ్గర లాకు తెరుచుకోకపోతే దిగువ అంతా ఎండిపోతుంది. రక్తపింజరి విషం ఆ లాకును పట్టించుకోకుండా దానికి దిగువనున్న 10వ ఫ్యాక్టర్‌ను నేరుగా మేల్కొలుపుతుంది. చుక్క పడితే పారుతుంది. చేలో కాటు వేసి ఒంటినిండా ఎక్కిస్తే మాత్రం ఉన్న ఫ్యాక్టర్లన్నీ ఒక్కసారిగా ఖర్చైపోయి, ఆ మనిషి నెత్తురులో గడ్డకట్టే శక్తే మిగలదు. పలచన చేసిన ఆ విషంతో చేసే పరీక్ష ఇప్పటికీ పెద్ద ల్యాబుల్లో ఉంది.

మాక్‌ఫర్లేన్ పేరు మధ్యలో ఇంకోసారి వస్తుంది. 1937లో హార్వర్డ్‌లో పాటెక్, టేలర్ ప్లాస్మాలోంచి ఒక ప్రొటీను భాగాన్ని తీసి, హీమోఫీలియాలో లేనిది ఇదేనన్నారు. కానీ బ్యూనస్ ఎయిరెస్‌లో పావ్లోవ్‌స్కీ ఇద్దరు హీమోఫీలియా రోగుల నెత్తురు కలిపితే, విచిత్రంగా ఆ మిశ్రమం చక్కగా గడ్డకట్టింది. అంటే ఇద్దరిలో లేనిది ఒకటే వస్తువు కాదు. 1952లో ఆక్స్‌ఫర్డ్‌లో రోజ్‌మేరీ బిగ్స్, మాక్‌ఫర్లేన్ బృందం ఆ రెండో రకాన్ని విడదీసి చూపింది. మొదట పరీక్షించిన ఐదేళ్ళ కుర్రాడు స్టీఫెన్ క్రిస్మస్. జబ్బుకు అతని పేరే పెట్టారు, వ్యాసం క్రిస్మస్ వారంలోనే వెలువడింది. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అప్పటికి తెలిసింది చాలా ఉంది, చేతికొచ్చింది మాత్రం కొంచెమే. ప్లాస్మా ఎక్కిస్తే అందులో ఫ్యాక్టర్ పలచగా ఉంటుంది. చాలినంత ఫ్యాక్టర్ ఒంట్లో పడాలంటే గుండె తట్టుకోలేనంత ద్రవం ఎక్కించాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆవు, పంది నెత్తురు నుంచి కూడా తీసి చూశారు, ఒళ్ళు దాన్ని రెండోసారి ఒప్పుకునేది కాదు. ఈ ముడి విప్పింది స్టాన్‌ఫర్డ్‌లో జుడిత్ పూల్. ఈ కథలో నాకు అందరికంటే గొప్పగా కనిపించేది ఆమే.

ఆమె వైద్యురాలు కాదు, శరీరధర్మశాస్త్రం చదివిన పరిశోధకురాలు. మంచులా గట్టిపడేలా చల్లబరిచిన ప్లాస్మా సంచిని ఫ్రిజ్ చల్లదనంలో నెమ్మదిగా కరగనిస్తే అడుగున తెల్లగా, జిగటగా కొంచెం మడ్డి మిగులుతుంది. కరిగిన ప్లాస్మాను వాడుకుని ఆ మడ్డిని పారేసేవాళ్ళు. పూల్ ఆ మడ్డిని పరీక్షించింది. 8వ ఫ్యాక్టర్‌లో ఎక్కువ భాగం అక్కడే ఉంది! 1964లో ఈ సంగతి ప్రకటించి, 1965లో ఏ బ్లడ్ బ్యాంకులోనైనా మూసిన సంచుల్లోనే దాన్ని తయారుచేసుకునే పద్ధతి వివరంగా రాసింది. కర్మాగారం అక్కర్లేదు, కంపెనీ అక్కర్లేదు. డీప్ ఫ్రీజరు, సంచులను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజు ఉంటే చాలు. దీన్నే బ్లడ్ బ్యాంకుల్లో క్రయో అంటారు.

లెక్క చూడండి. ఒక్కో సంచి క్రయోలో సుమారు 80 నుంచి 100 యూనిట్ల 8వ ఫ్యాక్టర్ ఉంటుంది. 20 కిలోల పిల్లాడికి మోకాలు వాస్తే ఫ్యాక్టర్‌ను 40 శాతానికి పెంచడానికి 400 యూనిట్లు కావాలి. అంటే నాలుగైదు సంచులు, నలుగురైదుగురు దాతలు. అమెరికా మందు కొనలేని దేశాల్లో వేలమంది పిల్లల కాళ్ళను నిలబెట్టింది ఈ సంచులే. విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్ళలో వైద్య కళాశాల ఆసుపత్రి, బ్లడ్ బ్యాంకు ఉన్న ప్రతిచోటా మందు తయారుచేసుకునే వీలు కలిగింది. ఫ్యాక్టర్ సీసాలు అయిపోయిన రోజున ఇప్పటికీ ఆదుకునేది అదే. 9వ ఫ్యాక్టర్ మాత్రం ఆ మడ్డిలో ఉండదు. హీమోఫీలియా బీ పిల్లలకు క్రయో ఎక్కించి లాభం లేదు, సీసా లేనప్పుడు ప్లాస్మానే ఇవ్వాలి. ఏ రకమో తేల్చకుండా క్రయో ఎక్కిస్తే జరిగే నష్టం ఇదే.

1970ల నాటికి సంపన్న దేశాల్లో మందు ఇంటికి చేరింది. ప్లాస్మాలోంచి ఫ్యాక్టర్‌ను తీసి, పొడిచేసి, చిన్న సీసాల్లో అమ్మారు. ఫ్రిజ్‌లో పెట్టుకుని, నీళ్ళు కలుపుకుని, తల్లి లేదా పిల్లాడే నరానికి ఎక్కించుకోవచ్చు. స్వీడన్‌లో ఇంగా మారీ నిల్సన్ అంతకుముందే, 1958 నుంచి, కారకముందే క్రమం తప్పకుండా ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. ఆ పిల్లల కీళ్ళు పెద్దయ్యాక కూడా బాగున్నాయి.

ఇంత దగ్గరికి వచ్చిన మందే చంపింది. ఒక్కో బ్యాచి పొడి వేలమంది దాతల ప్లాస్మా కలిపి చేసింది. అందులో ఒక్కరికి జబ్బున్నా అందరికీ అంటుతుంది. 1982 జులైలో అమెరికాలో ముగ్గురు హీమోఫీలియా రోగులకు ఎయిడ్స్ వచ్చిందని తెలిసింది. వేడిచేసి వైరస్‌ను చంపే పద్ధతి అందరికీ వచ్చేసరికి అక్కడి రోగుల్లో సగం మందికి అది సోకిపోయింది. బ్రిటన్‌లో ఈ దారుణం మీద విచారణ నివేదిక 2024 మేలో గానీ రాలేదు, అధికారులు నిజం దాచారని అది తేల్చి చెప్పింది. స్టీఫెన్ క్రిస్మస్ 1993లో చనిపోయాడు, రక్తం ద్వారా సోకిన ఎయిడ్స్‌తో. హీమోఫీలియా ఉన్న ఫ్రాంక్ ష్నాబెల్ 1963లో ప్రపంచ హీమోఫీలియా సమాఖ్యను స్థాపించినవాడు. అతను కూడా 1987లో ఎయిడ్స్‌తోనే పోయాడు. అతని పుట్టినరోజు ఏప్రిల్ 17నే ప్రపంచ హీమోఫీలియా దినంగా జరుపుతున్నారు. మన దేశంలో ఆ పొడి కొనగలిగినవాళ్ళు కొద్దిమందే కావడంతో చాలామందికి అది అందనే లేదు. ఆ అందకపోవడాన్ని అదృష్టమనుకోలేం. మందు లేక ఇక్కడి పిల్లలు అప్పుడూ తలలో నెత్తురు కారి పోతూనే ఉన్నారు. క్రయోకు కూడా ప్రమాదం లేకపోలేదు. దానమిచ్చిన రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష 1989లో గానీ మన దగ్గర తప్పనిసరి కాలేదు.

మన దేశంలో ఈ పిల్లల తరఫున గట్టిగా మాట్లాడింది కూడా రోగులే. 1983లో అశోక్ బహదూర్ వర్మ ఢిల్లీలో హీమోఫీలియా ఫెడరేషన్‌ను పెట్టాడు, ఆయనకూ ఈ జబ్బే. తర్వాత దాని శాఖలు దక్షిణాదికీ హైదరాబాదుకీ వచ్చాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫ్యాక్టర్ ఉచితంగా ఇవ్వాలని అడిగింది, అడిగి సాధించింది ఈ సంఘాలే. మందు కనిపెట్టడం ఎంత పెద్ద పనో, దాన్ని సర్కారు దవాఖానా బీరువాలోకి తెప్పించడం కూడా అంత పెద్ద పనే.

మనుషుల ప్లాస్మా మీద ఆధారపడక్కర్లేని రోజు 1984లో మొదలైంది. 8వ ఫ్యాక్టర్ జన్యువును అమెరికాలో విడదీశారు. ల్యాబులో పెంచిన కణాలతో తయారుచేసిన ఫ్యాక్టర్ 1992లో బజారుకు వచ్చింది. మరో చిక్కు మిగిలింది. కొందరి ఒళ్ళు ఎక్కించిన ఫ్యాక్టర్‌నే శత్రువనుకుని దానికి ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది, ఇక ఎంత ఎక్కించినా వృథా. వాళ్ళ కోసం స్వీడన్‌లో ఉల్లా హెడ్నర్ 7వ ఫ్యాక్టర్‌ను చుట్టుదారిగా వాడింది, ల్యాబులో తయారుచేసినదాన్ని 1988లో మొదటి రోగికి ఇచ్చారు. ఆ 7వ ఫ్యాక్టర్ పనిని అదుపుచేసే ఒక ప్రొటీను ఒంట్లో ఉంటుందని 1987లో విడివిడిగా చూపినవాళ్ళలో కాలిఫోర్నియాలో శామ్యూల్ రాపపోర్ట్ దగ్గర పనిచేస్తున్న ఎల్. విజయమోహనరావు ఉన్నాడు. గడ్డకట్టకుండా పట్టుకునే ఆ కళ్ళేన్ని వదులు చేస్తే 8, 9 లేకపోయినా పని నడుస్తుందన్న ఆలోచన మీద పుట్టిన మందులు రెండింటికి 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. ల్యాబులో చూసినదానికీ సీసాలోకి ఎక్కినదానికీ మధ్య ముప్ఫై ఏడేళ్ళు.

జపాన్‌లో చుగాయ్ కంపెనీ చేసిన ఎమిసిజుమాబ్ ఇంకో రకం. 8వ ఫ్యాక్టర్ చేసే పని 9నీ 10నీ ఒకచోట చేర్చడం. ఈ ప్రతిరక్షకం ఒక కొసతో 9ని, ఇంకో కొసతో 10ని పట్టుకుని దగ్గరికి తెస్తుంది. 2017లో అమెరికా అనుమతించింది. నరం వెతకక్కర్లేదు, చర్మం కింద ఇన్సులిన్‌లా వేసుకోవడమే, అదీ వారానికో, రెండు వారాలకో, నెలకో ఒకసారి. రెండేళ్ళ పసివాడి చేతిలో నరం దొరక్క నర్సు నాలుగుసార్లు గుచ్చడం చూసిన తల్లికి దీని విలువ తెలుస్తుంది. మైలవరం ఆసుపత్రిలోనే, ఆ మాటకొస్తే ఇంట్లోనే వేసుకోవచ్చు. ఖరీదే అడ్డం. కేరళ ప్రభుత్వం 2024లో 18 ఏళ్ళ లోపు పిల్లలకు దీన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మన ప్రభుత్వం కూడా ఆ పని చెయ్యాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. కాళ్ళు వంకరపోయాక ఇచ్చే డబ్బుకంటే కాళ్ళు నిలబెట్టే మందుకు పెట్టే ఖర్చే న్యాయమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్ళకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హీమోఫీలియాను జాబితాలో చేర్చింది. ఇవి కావలసినవే, చాలామంది తల్లులకు ఇవి ఉన్నాయన్న సంగతే తెలియదు.

మనవాళ్ళు రాయవేలూరని పిలిచే వెల్లూరుకు వెళ్ళడం ఈ కుటుంబాలకు పాత అలవాటు. విజయవాడలో రైలెక్కి కాట్పాడిలో దిగుతారు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ ఒక ప్రశ్న పట్టుకున్నాడు. పడమటి దేశాలు చెప్పినంత మోతాదు మనకు దొరకదు కదా, అంతకంటే తక్కువతో ఆపరేషన్లు చెయ్యలేమా? చెయ్యవచ్చని 1990లలోనే చూపించాడు. ప్రపంచ సమాఖ్య వైద్య సూచనల పుస్తకాన్ని, 2013లోనూ 2020లోనూ, ఆయన ఆధ్వర్యంలోనే రాశారు. 2024 డిసెంబరులో ఆయన బృందం ఎమరీ విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన జన్యుచికిత్స ఫలితాలు వెలువడ్డాయి. తీవ్రమైన హీమోఫీలియా ఏ ఉన్న ఐదుగురి మూలకణాలను బయటికి తీసి, వాటిలో 8వ ఫ్యాక్టర్ జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించారు. ఆ తర్వాత ఐదుగురికీ నెత్తురు కారడం ఆగిపోయింది. అమెరికాలో హీమోఫీలియా బీ జన్యుచికిత్స ఒక్క మోతాదు ధర 35 లక్షల డాలర్లు. ఇక్కడ, మన పొరుగున, మన రోగులతో ఈ పని జరగడం ఎంత ముఖ్యమో ఆ అంకె చూస్తే అర్థమవుతుంది.

పల్లెలో చెయ్యవలసింది మాత్రం ఇంత పెద్దది కాదు. మోకాలు వాచిన పిల్లాడికి బెణికిందని నూనె రాసి పిసకొద్దు, ఉప్పు కాపడం పెట్టొద్దు, నాటు కట్టు కట్టించొద్దు. ఐసు పెట్టి, కదలకుండా ఉంచాలి. ఆర్‌ఎంపీ పిరుదుకు వేసే నొప్పి సూది ఈ పిల్లలకు కండరంలో నెత్తురు గూడు కట్టిస్తుంది. పారాసిటమాల్ ఇవ్వవచ్చు, ఆస్ప్రిన్ వద్దు. తలకు దెబ్బ తగిలితే స్కానింగు కోసం ఆగకుండా ముందు ఫ్యాక్టర్ ఎక్కించాలి.

ఇంతవరకు మగపిల్లల కథే చెప్పాను. పుస్తకాలు కూడా అలాగే చెబుతాయి. కానీ వంశంలో వచ్చే, నెత్తురు ఆగని జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువమందిలో ఉండేది ఆడామగా తేడా లేకుండా వస్తుంది.

1924లో ఫిన్లండులో హెల్సింకీ ఆసుపత్రికి ఆలాండ్ దీవుల్లోని ఫోగ్లో నుంచి ఐదేళ్ళ యోర్డిస్ అనే పాపను తెచ్చారు. ముక్కులోంచి, చిగుళ్ళలోంచి, చిన్న గాయానికీ నెత్తురు ఆగేది కాదు. ఆమె అక్కచెల్లెళ్ళలో కొందరు పసితనంలోనే నెత్తురు కారి పోయారు. ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ అనే వైద్యుడు ఆ పాప కుటుంబాన్నీ బంధువులనూ పరిశీలించి, ఇది హీమోఫీలియా కాదు, ఆడవాళ్ళకూ వస్తోంది అని 1926లో రాశాడు. యోర్డిస్ 13 ఏళ్ళకు, నాలుగోసారి నెలసరి వచ్చినప్పుడు, నెత్తురు ఆగక చనిపోయింది. 1957లో నిల్సన్ బృందం అదే దీవులకు వెళ్ళి, ప్లాస్మాలోంచి తీసిన భాగాన్ని అక్కడివాళ్ళకు ఎక్కిస్తే ఆగుతోందని చూపింది. ప్లేట్‌లెట్లను గాయానికి అతికించే ప్రొటీను ఒకటి వాళ్ళలో తక్కువ. అదే 8వ ఫ్యాక్టర్‌ను మోసుకు తిరుగుతుంది కూడా. 1977లో మిలాన్‌లో మనూచీ, డెస్మోప్రెసిన్ అనే హార్మోను మందు వేస్తే ఒంట్లో దాచుకున్న ఆ ప్రొటీనే నెత్తురులోకి వస్తుందని కనుక్కున్నాడు. తేలికరకం జబ్బున్నవాళ్ళకు ఎవరి రక్తమూ అక్కర్లేకుండా పోయింది. అంతకుముందు 1962లో జపాన్‌లో ఉటాకో ఒకామోటో, ఆమె భర్త కలిసి ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని తయారుచేశారు, కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడే మందు. కాన్పులో నెత్తురు పోయి చనిపోయే తల్లుల కోసం ఉటాకో దాని మీద పనిచేసింది. ఆ మాత్ర ఇప్పుడు మైలవరంలో ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, గర్భసంచి తీయించుకున్న 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోకెల్లా మనమే ముందు. వాళ్ళలో చాలామంది చెప్పిన కారణం నెలసరిలో ఎక్కువగా పోవడం. అందరికీ నెత్తురు జబ్బే ఉందని కాదు. కానీ ఆపరేషన్‌కు ముందు ఆమెను నాలుగు మాటలు అడిగినవాళ్ళెంతమంది? మొదటి నెలసరి నుంచీ ఇలాగే ఉందా? పన్ను పీకించుకున్నప్పుడు ఆగిందా? కాన్పు తర్వాత ఎన్నాళ్ళు పోయింది? అమ్మకు, అక్కచెల్లెళ్ళకు ఎలా ఉంటుంది? వీటిలో రెండింటికి అనుమానం కలిగించే జవాబొస్తే, గర్భసంచి మీద కత్తి పెట్టేముందు వాన్ విల్లిబ్రాండ్ పరీక్ష చేయించాలి. నెత్తురు గడ్డకట్టే సమయం చూసే మామూలు ఏపీటీటీ పరీక్ష తేలికరకంలో బాగానే ఉన్నట్టు చూపించవచ్చు కాబట్టి అక్కడితో ఆగకూడదు. హీమోఫీలియా పిల్లాడున్న ఇంట్లో వాడి తల్లికీ, పినతల్లులకూ, అక్కకూ కూడా ఫ్యాక్టర్ ఎంతుందో చూపించాలి, పెళ్ళికో కాన్పుకో ముందుగానే. లోపాన్ని మోసే ఆడవాళ్ళలో ఫ్యాక్టర్ సగానికంటే తక్కువ ఉన్నవాళ్ళు చాలామంది. "నాకేం లేదు, వాడికే" అనుకుంటూ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా నెత్తురు పోగొట్టుకుంటున్నారు.